పుంగనూరాయనకు నేను చెప్పని మాట

పోయిన వారం మదనపల్లె బస్టాండు ఎదురుగా టీ తాగుతున్నాను. అంగడిలో టీవీ నడుస్తోంది. ఏదో పాటల పోటీ. ఒక పిల్ల పాడడం ముగించి చేతులు కట్టుకొని నిలబడింది. జడ్జీలు వెంటనే మార్కులు చెప్పకుండా నీళ్లు తాగుతున్నారు, వెనక డోళ్లు మోగుతున్నాయి. నా పక్కన కూర్చున్న రమణ పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. పాటకు పెట్టినారు, డాన్సుకు పెట్టినారు, ఆఖరికి వంటకు కూడా పెట్టినారు, ఫోటోలు తీసేవాళ్లకు మాత్రం ఇట్లాంటి పోటీ ఎవరూ పెట్టలేదే అని అతని బాధ. పెడితే నువ్వే గెలుస్తావన్నా అని నన్ను కూడా అందులో కలిపాడు.

పెడితే ఎవరూ చూడరు అన్నాను. ఎందుకు చూడరని అడిగాడు. పాడేవాడి నోరు చూడొచ్చు, ఆడేవాడి కాళ్లు చూడొచ్చు, ఫోటో తీసేవాడిలో ఏం చూస్తారు, వాడు ఊరికే నిలబడి ఉంటాడు అని చెప్పి, గ్లాసు పెట్టేసి వచ్చేశాను.

రమణ ఈ ఊరికి వచ్చి రెండేళ్లే. అంతకు ముందు మా ఊరి కేబుల్ చానల్లో అట్లాంటి పోటీ ఒకటి నిజంగానే జరిగిందని అతనికి తెలియదు. గెలిచింది నేనే. ఆ షీల్డు ఇంకా నా స్టూడియోలో ఉంది. ఓడిపోయిన మనిషి కాలం చేసి ఇరవై రోజులైంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికి ఉన్నప్పుడు కూడా మేము పేరుతో పిలవలేదు. మదనపల్లెలో ఫోటోలు తీసేవాళ్లందరం ఆయన్ని పుంగనూరాయన అనే అనేవాళ్లం. ఎదురుగా ఉంటే నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను అప్పా అనేవాడు.

పొట్టి మనిషి. ఎండాకాలమైనా వానాకాలమైనా నిండు చేతుల చొక్కా, మోచేతి దాకా మడిచి ఉండేది. కెమెరా బ్యాగు మోసీ మోసీ కుడి భుజం కిందికి జారిపోయింది. ఫోటో తీసే ముందు తువ్వాలుతో తన మొహం తుడుచుకునేవాడు, అవతలి మనిషి కాదు తానే ఫోటోకు కూర్చున్నట్టు. నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు. ఏ బస్సుకు వచ్చినారు, సేద్యం ఎట్లుండాది, ఇంట్లో ఏం వండినారు అని అడిగేవాడు. వాళ్లు జవాబు చెప్పి ముగించాక, సరే అయిపాయమ్మా, ఇంక లెయ్ అనేవాడు. వాళ్లు హమ్మయ్య అని ఊపిరి వదిలేవాళ్లు. ఫోటో తీసేది అప్పుడే.

ఈ కిటుకు నేను కూడా పట్టుకొచ్చి నా స్టూడియోలో వాడి చూశాను. అయిపోయిందమ్మా అనగానే మా వాళ్లు నిజంగానే లేచి వెళ్లిపోయేవాళ్లు. వారం రోజుల్లో తలలు లేని పాస్‌పోర్టు ఫోటోలు మూడు వచ్చాయి. దాంతో మానుకున్నాను.

ఆయన మీద నాకు అసూయ ఎప్పుడు పుట్టిందో కచ్చితంగా చెప్పగలను. అప్పటికి ఆయన్ని నేను చూడను కూడా లేదు. తొంభైల మొదట్లో స్టూడియో పెట్టిన కొత్త. పుంగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. బట్టల అంగడి వాళ్ల అమ్మాయి. పెద్దమనిషి ఒకాయన కవర్లో ఫోటో తెచ్చి మా అమ్మ చేతికిచ్చాడు. మా అమ్మ చూసి నాకిచ్చింది.

అప్పట్లో పెళ్లిచూపుల ఫోటో అంటే ఎట్లుంటుందో నాకు బాగా తెలుసు, రోజూ తీస్తున్నవాణ్ణే కదా. వెనక మేడమెట్లు గీసిన పరదా, పక్కన ప్లాస్టిక్ పూల స్టాండు, దాని మీద అమ్మాయి చెయ్యి, ఆ చేతికి అరువు తెచ్చిన గాజులు. ఈ ఫోటోలో అవేవీ లేవు. కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చొని ఉంది. ఎవరో ఏదో అడిగితే జవాబు చెప్పబోతున్నట్టు నోరు కొంచెం తెరిచి ఉంది. కళ్లు అప్పటికే నవ్వేశాయి, పెదాలు ఇంకా నవ్వలేదు. పనివాణ్ణి కాబట్టి తప్పు వెతికాను. ఎడమ చెవి చీకట్లో పడింది. అంతకు మించి దొరకలేదు. అరగంట సేపు ఆ ఫోటో పట్టుకొని కూర్చున్నాను. పిల్లను చూడకుండానే సరే అన్నాను. తర్వాత తిప్పి చూస్తే, వెనక పుంగనూరు స్టూడియో ముద్ర ఉంది.

పెళ్లయ్యాక సరళను అడిగాను, ఆ ఫోటోలో ఏం చెప్పబోతున్నావని. నవ్వింది. ఇస్కూల్లో నిన్ను ఎక్కువ కొట్టింది ఏ అయ్యవారని ఆయన అడిగాడంట. ఆ అయ్యవారి పేరు చెప్పబోతోందంట.

పదిహేనేళ్లు సరళకు నేను ఫోటోలు తీశాను. హార్స్లీ హిల్స్ మీద నీలగిరి చెట్ల కింద తీశాను. పిల్లల్ని ఎత్తుకొని ఉంటే తీశాను. కొత్త చీర కడితే తీశాను. ఒక్కదాంట్లో కూడా ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి రాలేదు. నా కెమెరా చూస్తే చాలు, మెడ బిగించి, త్వరగా తియ్, పాలు పొంగుతాండాయి అనేది. ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ చూపించేది మాత్రం అద్దం పక్కన పెట్టిన ఆ ఫోటోనే. కొడుకు స్టూడియో పెట్టుకొని ఉండగా కోడలి ఫోటో పుంగనూరు నుంచి వచ్చిందని కూడా చెప్పేది. ఒకసారి ఆ ఫోటో తీసి బీరువా సొరుగులో పెట్టాను. మరుసటి రోజు అది మళ్లీ అద్దం పక్కనే ఉంది.

పుంగనూరాయన్ని మొదటిసారి దగ్గరగా చూసింది కుప్పంలో ఒక పెళ్లిలో. ఆడపెళ్లివాళ్లు నన్ను పిలిచారు, మగపెళ్లివాళ్లు ఆయన్ని. నా దగ్గర కొత్త ఫ్లాషు, రెండు గొడుగు లైట్లు, ఆరు రీళ్లు. ఆయన దగ్గర ఒక పాత కెమెరా, రెండు రీళ్లు. తాళి కట్టేటప్పుడు నేను పంతులును కూడా పక్కకు జరిపి తీశాను. ఆయన ఒక మూల నిలబడి రెండే తీశాడు. మధ్యాహ్నానికి అందరూ తినేసి వెళ్లిపోయాక, రీల్లో ఇంకా నాలుగు మిగిలి ఉండాయప్పా అని చెప్పి వంటశాల వైపు వెళ్లాడు. మిగిలినవి అట్లా ఖర్చు పెట్టడం ఆయనకు అలవాటు. వంటవాళ్లనో, డోలు వాయించేవాళ్లనో, గిన్నెలు కడిగేవాళ్లనో తీసేవాడు. పిచ్చి అనుకున్నాను.

నెల తర్వాత ఆల్బం ఇవ్వడానికి పెళ్లికూతురి ఇంటికి వెళ్లాను. కూర్చోమన్నారు. ఎదురుగా గోడకు ఫ్రేము కట్టిన ఫోటో ఒకటి వేలాడుతోంది. వంటశాలలో బోర్లించిన అండా మీద పెళ్లికూతురి తండ్రి ఒక్కడే కూర్చొని, ఆకు ఒళ్లో పెట్టుకొని, అన్నం ముద్ద నోటికి ఎత్తుతున్నాడు. తలపాగా పక్కన నేల మీద ఉంది. పనులన్నీ అయిపోయిన మనిషి తన ఆకలి తనకు అప్పుడే గుర్తొచ్చినట్టున్నాడు. నా ఆల్బంలో ఆ తండ్రి ముప్పై ఫోటోల్లో ఉన్నాడు, అన్నిట్లోనూ చేతులు జోడించి.

ఆ తండ్రే నన్ను ఆ ఫోటో దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. "ఆ పొద్దు నేను తిన్నానో లేదో నాకే తెలీదప్పా. దీన్ని చూసినంకనే నమ్మకం కుదిరింది" అన్నాడు. నేనిచ్చిన ఆల్బం కళ్లకు అద్దుకొని, తెరవకుండానే అలమరలో పెట్టాడు.

కుప్పం నుంచి మదనపల్లె దాకా బస్సులో ఆ ముద్ద గురించే ఆలోచించాను. వంటశాల దారి నాకూ తెలుసు. నా రీల్లో కూడా మిగిలే ఉన్నాయి.

ఆయన కూడా నన్ను చూసి ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. ఆయనకు ఆ గుణమే లేదు. రీళ్లు కడిగించుకోవడానికి వారానికోసారి మదనపల్లె ల్యాబుకు వచ్చేవాడు. కౌంటరు మీద నా ప్రింట్లు ఉంటే కూర్చొని ఒక్కొక్కటీ చూసేవాడు. అన్నీ చూశాక ఒక దాన్ని పక్కకు తీసి, ఇది బాగుండాదప్పా అనేవాడు. అది ఎప్పుడూ నేను లోలోపల బాగుందనుకున్నదే అయ్యేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. ఏదీ బాగా లేకపోతే, ఈ వారం ఎండ శానా ఎక్కువ ఉండింది లే అని ప్రింట్లు సర్ది పెట్టేవాడు. ఊరికే పొగిడే మనిషి అయితే పట్టించుకోకుండా ఉండేవాణ్ణి. ఈయన నన్ను సరిగ్గా తూకం వేసేవాడు. అది భరించలేకపోయేవాణ్ణి.

తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. మా చుట్టుపక్కల అందరికంటే ముందు నేను బెంగళూరు వెళ్లి ఒకటి కొన్నాను. అందులో ఒక ఇబ్బంది ఉండేది. బటను నొక్కిన వెంటనే ఫోటో పడేది కాదు. కెమెరా కాసేపు ముందుకూ వెనక్కూ చూపు సర్దుకొని అప్పుడు తీసేది. ఆ లోపల మనిషి కళ్లు మూసేసేవాడు. వారం తిప్పలు పడి దాని మందు కనుక్కున్నాను. ముందే బటను సగం నొక్కి పట్టుకోవాలి. పచ్చ లైటు వెలుగుతుంది. అప్పటికి కెమెరా చూపు సర్దుకొని సిద్ధంగా ఉంటుంది. మనకు కావాల్సిన క్షణంలో మిగతా సగం నొక్కితే వెంటనే పడుతుంది. నేను పెళ్లిళ్లకు పోయినప్పుడు స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తియ్యడానికి సరళకు కూడా ఇది నేర్పించాను. ఒక్క పూటలో నేర్చుకుంది.

ఆ రోజుల్లోనే మా కేబుల్ ఓనరుకు ఫోటోల పోటీ ఆలోచన వచ్చింది. పెద్ద చానళ్లలో పాటల పోటీలు చూసి చూసి, మన దగ్గర పాడేవాళ్లు లేకపోతేనేం, స్టూడియోలు ఉన్నాయి కదా అనుకున్నాడు. ఆరుగురం చేరాము. మూడు ఆటలు. మొదటిది పుంగనూరు పశువుల సంతలో, రెండోది మదనపల్లె టమోటా మార్కెట్లో, చివరిది కుప్పం రైల్వేస్టేషన్లో. ఒక్కో ఆటకు గంట టైము. గంట తర్వాత ఒక్క ఫోటో ఇవ్వాలి. ఒక్కో ఆటలో ఇద్దరు ఇంటికి పోతారు. రిటైరైన డ్రాయింగు మాస్టరు జడ్జి. అంగళ్లు అనే ఊళ్లో ఉన్న ఇంజనీరింగు కాలేజీలో చదివే అమ్మాయి యాంకరు. ఫోటో అక్కడికక్కడే చూపించాలి కాబట్టి అందరూ డిజిటల్‌తోనే తియ్యాలని రూలు. లేనివాళ్లకు చానలే ఒక కెమెరా ఇస్తుంది. లేనిది పుంగనూరాయన ఒక్కడికే.

సంతలో ఆయనకు కెమెరా ఇబ్బంది తెలియలేదు. నడుమంత ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు మెడ మీద తల వాల్చి నిద్రపోతున్న ఒక ముసలి రైతును తీశాడు. రైతూ కదల్లేదు, ఆవూ కదల్లేదు. ఆయన మొదట వచ్చాడు. నేను మూడో వాణ్ణి.

టమోటా మార్కెట్లో అన్నీ కదిలేవే. లారీలు, క్రేట్లు, వేలం పాడేవాళ్ల చేతులు. నేను లారీ పైకెక్కాను, క్రేట్ల మధ్య బోర్లా పడుకున్నాను. చానల్ కెమెరా నా వెంటే తిరిగింది. ఆయన ఒక క్రేటు బోర్లించుకొని దాని మీద కూర్చున్నాడు. ముప్పావుగంట కూర్చున్నాడు. యాంకరమ్మాయి మైకు పెట్టి, సార్, ఇప్పుడు మీ మనసులో ఏం జరుగుతోంది అని అడిగింది. ఏమీ లేదమ్మా, ఆ లారీ కొంచెం ముందుకు పోతే బాగుండునని చూస్తాండాను అన్నాడు. ఓనరు తల పట్టుకున్నాడు. ఇట్లా కూర్చునే మనిషిని జనానికి ఎంతసేపు చూపించేది, కాస్త అటూ ఇటూ పరిగెత్తమని చెప్పండి అని నాతో మొర పెట్టుకున్నాడు. టీవీకి పనికొచ్చేది నేనే. నాకు ఆ రోజు లోపల భలే హాయిగా ఉండింది.

లారీ కదిలింది. ఆయన లేచి తీశాడు, మళ్లీ తీశాడు. ప్రతిసారీ కెమెరా వెనకున్న తెర చూసి నొసలు ముడిచాడు. చివరికి టమోటాలు ఏరుతున్న ఒకామె చేతులు తీసి ఇచ్చి ఎట్లాగో రెండో స్థానంలో నిలబడ్డాడు. మొదటి స్థానం నాది. కుప్పానికి మిగిలింది మేమిద్దరం.

మార్కెట్లో కొళాయి దగ్గర నేను కాళ్లు కడుక్కుంటుంటే వచ్చాడు. కెమెరా నా ముందు పెట్టాడు.

"అప్పా, ఇది నేను నొక్కినప్పుడు తియ్యడం లేదు. కొంచేపు ఆలోచన చేసి తీస్తాండాది. నువ్వు దీంతో శానా దినాల నుంచి పని చేస్తాండావు. నాది ఏమన్నా తప్పా?"

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఒక్క మాటలో చెప్పెయ్యొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. గోడ మీది అన్నం ముద్ద గుర్తొచ్చిందో, అద్దం పక్కన ఉన్న ఫోటో గుర్తొచ్చిందో చెప్పలేను.

"డిజిటల్ అంటే అంతే అన్నా. వెనక తెర చూసుకుంటా అలవాటు చేసుకోవాల" అన్నాను.

అట్నా అని తల ఊపాడు. నమ్మాడు. నమ్మకుండా ఉండడానికి ఆయనకు కారణం లేదు.

చెప్పొద్దని నేను గట్టిగా అనుకోలేదు. కుప్పం పోయేలోపల చెబుదాంలే అనుకున్నాను. సోమవారం తెల్లారకముందే చానల్ వ్యాన్లో బయలుదేరాము. ఆయన పుంగనూరులో ఎక్కి నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. వాళ్ల ఇంటామె చిత్రాన్నం కట్టిచ్చింది. పలమనేరు దాటాక ఆ పొట్లం విప్పి సగం నాకు పెట్టాడు. తిన్నాను. తర్వాత ఆయన కెమెరా తీసి కిటికీలోంచి మైలురాళ్లను తీస్తూ కూర్చున్నాడు. రాయి వస్తుంది, నొక్కుతాడు, వెనక చూస్తాడు. తెర మీద రాయి ఉండదు. మళ్లీ ఇంకో రాయి కోసం చూస్తాడు. నేను సీటుకు తల ఆనించి నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను. కుప్పం దాకా తెరవలేదు.

కుప్పంలో పొద్దున బెంగళూరు పోయే బండికి జనం ఎప్పుడూ కిక్కిరిసి ఉంటారు. శాంతిపురం వైపు నుంచి గోడలు కట్టే బేల్దారి పనివాళ్లు, ఫ్యాక్టరీ పనివాళ్లు, అందరూ అన్నం క్యారియర్లు పట్టుకొని నిలబడి ఉంటారు. నేను ప్లాట్‌ఫారం చివర సూర్యుడికి ఎదురుగా కూర్చొని, వాళ్లందరూ నల్లటి నీడల్లాగా వచ్చేటట్టు తీశాను. చూడ్డానికి చాలా అందంగా వచ్చింది. ఆయన నాకు పదడుగుల దూరంలో స్తంభానికి ఆనుకొని ఉన్నాడు. బండి వచ్చింది, ఆగింది, కదిలింది. బండి వెళ్లిపోయాక చూస్తే, కెమెరా రెండు చేతుల్తో పట్టుకొని తల వంచి వెనక తెర చూస్తూ నిలబడి ఉన్నాడు. అంతలో ఓనరు టైము అయిపోయిందని చప్పట్లు కొట్టాడు.

స్టేషను బెంచీ మీద కంప్యూటరు పెట్టి రెండు ఫోటోలూ చూపించారు. నాది చూసి యాంకరమ్మాయి చప్పట్లు కొట్టింది, ఎవరో రైల్వే ఆయన కూడా కొట్టాడు. ఆయనది తెరిస్తే, చెదిరిపోయిన రైలు పెట్టె గోడ, ఒక మూల ఎవరో ఆడమనిషి మోచెయ్యి. అంతే. డ్రాయింగు మాస్టరు మంచి మనిషి. పొరపాటున వేరేది ఇచ్చినారేమో చూడండి అని మెల్లగా అన్నాడు. లేదు సార్, నేను తీసింది ఇదే అన్నాడాయన. షీల్డు నాకిచ్చారు. ఆయన వచ్చి నా చేతిని తన రెండు చేతుల్తో పట్టుకున్నాడు. చేతులు చల్లగా ఉన్నాయి.

పోటీ అంతా తీశాక మూడు ఆదివారాలు సాయంత్రం పూట వేశారు. పుంగనూరు సంత ఎవరూ పెద్దగా చూడలేదు. రెండో వారం మాత్రం మా ఇంటికి పక్కింటివాళ్లు వచ్చారు, నేను లారీ ఎక్కింది చూడాలని. సరళ చాప మీద కూర్చొని అనపకాయలు ఒలుస్తోంది. లారీ వచ్చింది, నేను బోర్లా పడుకున్నది వచ్చింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత కొళాయి వచ్చింది.

చానల్ కెమెరా అక్కడ ఉన్నట్టు నేను గమనించలేదు. ఆయన రోజంతా కూర్చొనే ఉన్నాడు కాబట్టి ఆయన మాట్లాడిన ముక్క ఏది దొరికినా వదలకుండా వేసినట్టున్నారు. ఆయన అడగడం వచ్చింది. నా మొహం దగ్గరగా వచ్చింది. నేను జవాబు చెప్పే ముందు కాసేపు ఆగాను. అంతసేపు ఆగినట్టు నాకు గుర్తే లేదు. పదిహేనేళ్లుగా కెమెరాలోంచి మొహాలు చూసేవాణ్ణి. ఆ మొహం చూసి ఆ మనిషి ఏం చేస్తున్నాడో చెప్పడానికి నాకు ఇంకొకరు అక్కర్లేదు. పక్కింటివాళ్లకు ఏమీ తెలియలేదు. టీవీలో బాగా కనపడినావని చెప్పి వెళ్లారు.

సరళ కాయలు ఒలవడం ఆపి చాలాసేపైంది.

"సగం నొక్కి పట్టుకోవాలని ఆయనకు యాల చెప్పలేదు?" అని అడిగింది.

గుర్తు రాలేదన్నాను.

"నాకు చెప్పినావే" అంది. చేట తీసుకొని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. మూడో ఆదివారం కుప్పం వేసినప్పుడు టీవీ పెట్టలేదు. నేను గెలిచింది మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఓనరు కూడా విసిగిపోయి, వచ్చే ఏడు డాన్సు పోటీ పెడతానన్నాడు.

నెల రోజులు ఆగి పుంగనూరు వెళ్లాను. నా కెమెరా వెంట తీసుకెళ్లాను. ఆయన స్టూడియో బయట స్టూలు వేసుకొని కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి సంతోషంగా లేచి ఇంకో స్టూలు తెచ్చాడు. కెమెరా ఆయన చేతికిచ్చి సగం నొక్కడం చూపించాను. పచ్చ లైటు చూశాడు. వీధిలో ఒక సైకిలు పోతుంటే తీశాడు. సైకిలు తెర మధ్యలో గట్టిగా నిలబడింది. ఒక ఆటోను తీశాడు, ఎగురుతున్న కాకిని తీశాడు. ఓహో, ఇంతేనా అన్నాడు. మొహం వెలిగిపోయింది. ఎప్పుడు తెలిసిందప్పా అని అడుగుతాడేమోనని ఎదురు చూశాను. అడగలేదు. కాకుల వెంట పడ్డాడు.

చివరికి నేనే చెప్పాను. "నాకు ముందే తెలుసన్నా. ఆ పొద్దు నువ్వు కొళాయి దగ్గర అడిగినప్పుడే తెలుసు" అన్నాను.

ఆయన కెమెరా ఒళ్లో పెట్టుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. ఎదురంగడికి రెండు టీలు చెప్పాడు. టీ వచ్చి, తాగడం మొదలుపెట్టాక, కుప్పంలో తాను తియ్యాలనుకున్నది ఏందో చెప్పడం మొదలుపెట్టాడు.

ఒక బేల్దారాయప్ప బండి ఎక్కేశాడంట. నలభై ఏళ్లుంటాయి, చొక్కాకు సున్నం మరకలు. బండి కదిలినంక వాళ్ల ఇంటామె క్యారియరు పట్టుకొని పరిగెత్తుకుంటూ వచ్చిందంట. కొంగు జారకుండా పళ్లతో పట్టుకొని ఉందంట. ఆయప్ప రైలు పెట్టె వాకిట్లో ఒక చేత్తో కమ్మీ పట్టుకొని బయటికి వంగి ఇంకో చెయ్యి చాచాడు. ఆమె పరిగెత్తుతూనే క్యారియరు ముందుకు విసిరినట్టు వదిలింది.

"ఆయమ్మ వదిలేసె. ఆయప్ప చేతికి ఇంకా అందలేదు. క్యారియరు ఇద్దరి మధ్యలో గాల్లో ఉండాది. ఆయప్ప దాన్నే చూస్తాండాడు. ఆయమ్మ మాత్రం క్యారియరును చూడలేదప్పా, ఆయప్ప పడిపోతాడేమోనని కాళ్లనే చూస్తాంది. అప్పుడు నొక్కితిని" అన్నాడు.

నేను పదడుగుల దూరంలో ఉన్నాను. సూర్యుణ్ణి సరిచేసుకుంటూ ఉన్నాను. అది నా వెనకే జరిగింది. ఆయన చెబుతుంటే ఆ సున్నం మరకలు, పళ్ల మధ్య కొంగు అన్నీ కనపడ్డాయి. ఇంతవరకూ ఆయన తీసిన ఏ ఫోటో చూసినా నాకు అంత కడుపుమంట కలగలేదు. తీసి ఉంటే ఆయన జన్మలో అదే పెద్దది అయ్యేది. తియ్యలేకపోయింది నా వల్ల.

ఆయప్ప పట్టుకున్నాడా అని అడిగాను.

ఆయన గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. కోపం లేదు. పనివాడు ఇంకో పనివాడికి పని సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"తెలీదప్పా. వెనక తెర చూసుకోమంటివి కదా. బొమ్మ పడిందా లేదా అని తల వంచి చూస్తా ఉంటిని. తలెత్తేతలికి బండి పాయ, జనం అడ్డమొచ్చిరి, ఆయమ్మ కనపడలేదు. నా జన్మలో మనిషిని వదిలేసి కెమెరాను చూసింది ఆ ఒక్కసారే."

తర్వాత ఆయన కూడా డిజిటల్ కొన్నాడు. ల్యాబు దగ్గర కనపడితే ఎప్పటిలాగానే నా ప్రింట్లు చూసి ఒకటి పక్కకు తీసేవాడు. కుప్పం మాట మళ్లీ రాలేదు. ఆయన పోయిన సంగతి తెలిసి వెళ్లినప్పుడు వాళ్ల ఇంటామె నన్ను గుర్తుపట్టి, మీరంటే ఆయనకు శానా ఇష్టం అని చెప్పింది. తల ఊపి వచ్చేశాను.

పెళ్లిళ్ల పని మీద కుప్పం పోయినప్పుడల్లా పొద్దున ఆ బండి టైముకు స్టేషనుకు వెళతాను. సూర్యుడికి వీపు పెట్టి ఆ స్తంభం దగ్గర నిలబడతాను. సున్నం చొక్కాలు చాలా కనపడతాయి, క్యారియర్లు కూడా. ఎవరిని అడగాలో తెలియదు. ఆ పొద్దు ఆ బేల్దారాయప్ప బెంగళూరులో మధ్యాహ్నం అన్నం తిన్నాడో, పస్తు ఉన్నాడో.